గుమ్మం దగ్గర ఆగిన కాఫీ

"హాల్ట్!"

ఇంటి కింద నేలమాళిగ, కెల్లర్ గుమ్మంలోనే ఆగిపోయింది రాజ్యశ్రీ. చేతిలో పొగలు కక్కే ఫిల్టర్ కాఫీ.

ఎదురుగా చెయ్యి అడ్డంపెట్టి కత్రీన్. వెనక బల్ల దగ్గర విక్రాంత్, వాడేసిన తూటాల ఇత్తడి తొడుగుల్లో మందు కొలిచి పోస్తున్నాడు. తల కూడా ఎత్తలేదు.

"కాఫీ పని అయ్యాక" అని కత్రీన్ తలుపు వేసేసింది.

పెళ్ళయి జర్మనీలోని హానోవర్ వచ్చి నెల కాలేదు. ఇక్కడ ప్రతిదీ ముద్దొచ్చింది రాజ్యశ్రీకి. కిటికీ కింద ట్రామ్ గంట, చేతికి వెచ్చగా తగిలే బేకరీ సంచీ, ఆఖరికి మొగుడి గురక కూడా.

ముద్దురానిదల్లా శనివారమే. ఆ రోజు షూటింగ్ క్లబ్ నుంచి కత్రీన్ వస్తుంది. కొత్తగా లైసెన్సు వచ్చిన విక్రాంత్‌కి పిస్తోలు తూటాలు నింపడం దగ్గరుండి నేర్పుతుంది.

ఆవిడ అటు వెళ్ళగానే ఇటు అడిగింది.

"ఏం శ్రీవారూ, లోపల ఒకటే నవ్వులు?"

"నేను నింపిన తూటా పిస్తోలు గొట్టంలో పెట్టి చూస్తే సగందాకా పోయి ఇరుక్కుంది శ్రీ. మూతి సరిగ్గా నొక్కలేదట. ఒక్క చూపులో పట్టేసింది! మందు పోశాక ప్రతి తొడుగులోకీ టార్చి వేసి చూస్తుంది. భలే మనిషిలే!"

"నా సాంబారు గురించి ఒక్కరోజన్నా ఇలా చెప్పారా?"

విక్రాంత్ నవ్వాడు. రాజ్యశ్రీ నవ్వలేదు.

"నా మొగుడికి కాఫీ ఎప్పుడివ్వాలో ఆవిడ చెబుతుందా? ఇకనుంచి ఈ ఇంట్లో ఆవిడో, నేనో!"

"అబ్బా, అలగకు. నేర్చుకున్నాగా, వద్దని చెప్పేస్తాలే."

చెప్పేశాడు. కత్రీన్ ఏమీ అనుకోలేదట. "తలుపు మాత్రం వేసుకో" అందట.

మరుసటి శనివారం తలుపు బార్లా తీసే ఉంది.

రాజ్యశ్రీ పిల్లిలా దిగి, కాఫీ బల్లమీద పెట్టి, వెనకనుంచి విక్రాంత్ మెడ చుట్టూ చేతులు వేసింది.

"ఎవరొచ్చారో చెప్పుకోండి!"

"ఇంకెవరు, మా హోం మినిస్టర్!"

మందు పోస్తున్నవాడు వెనక్కి తిరిగాడు. కాఫీ తాగాడు. భేష్ అన్నాడు. మళ్ళీ పనిలో పడ్డాడు.

టార్చి అరలోనే ఉండిపోయింది.

ఆ తూటాలతో క్లబ్‌కి వెళ్ళిననాడు పిస్తోలు అతని చేతిలోనే పేలింది.

ఆసుపత్రికి ముందుగా పరుగెత్తుకొచ్చింది చలపతి, ఆ క్లబ్‌లో పాత సభ్యుడు.

"ఒకదాంట్లో మందు రెండుసార్లు పడిందమ్మా. వేళ్ళు దక్కాయి, అదృష్టం. అయినా కత్రీన్ ఉండగా ఇలా ఎలా? పని జరిగేటప్పుడు ఎవర్నీ గడప తొక్కనివ్వదే!"

"నేనే... ఆవిడని రావద్దన్నానండీ."

చలపతి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"వాళ్ళాయన కూడా ఇంట్లోనే నింపుకునేవాడు. ఇలాగే పేలి చూపు పోయింది. మందు పోస్తుంటే ఎవరో పిలిచారట, వెనక్కి తిరిగాడట."

"ఎవరు పిలిచారు?"

"కాఫీ తెచ్చిన కత్రీనేనమ్మా."