మాస్టారికొచ్చిన కష్టం

“అది క్యాన్సరే,” అన్నాడు డాక్టరు, ఎదురుగా కూర్చున్న ఇద్దర్నీ చూస్తూ.

సైన్సు మాస్టారు కుర్చీలోనే జారిపోయారు. భార్య గబుక్కున లేచి భుజం పట్టుకుంది. నర్సు మంచినీళ్లు తెచ్చింది.

“కడుపునొప్పి అంటే పోయిన నెల అపెండిక్స్ తీసేశాం కదా. దాన్ని పరీక్షకి పంపితే బయటపడింది. చాలా అరుదైన రకం. స్కానింగులో ఇంకెక్కడికీ పాకినట్టు లేదు. అయినా కుడివైపు పేగు కొంత తీసేయాలి. అది తీసి చూస్తేగానీ గట్టిగా ఏమీ చెప్పలేను. పాకకపోతే మాత్రం, ఏళ్ల తరబడి హాయిగా ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు.”

మొదటి మాట తప్ప మాస్టారికి ఇంకేదీ చెవికెక్కలేదు.

“కీమో కూడా ఉంటుందా? మెట్లు ఎప్పట్నించి ఎక్కొచ్చు?” ప్రశ్నలన్నీ భార్యే అడిగింది.

ఇంటికి రాగానే మాస్టారు మంచమెక్కారు. “పనికిమాలిన అవయవం అని ఇన్నేళ్లూ క్లాసులో చెప్పాను. నా మీద పగబట్టింది!” అని దుప్పటి ముసుగేశారు. ఆయన నిద్ర చెడకూడదని భార్య నేలమీద చాప వేసుకుంది.

కబురు తెలిసి జనం దిగారు. మాస్టారి అక్క గుమ్మంలోంచే శోకం అందుకుంది. “చీమకైనా అపకారం చెయ్యడే నా తమ్ముడు! వాడికా ఈ కష్టం!”

లెక్కల మాస్టారు ఫోన్లో వెతికి మరీ వచ్చాడు. “పది లక్షల్లో ఏ ఒకరికో ఇద్దరికో వస్తుందట సార్! ఈ లెక్కన ఊరు మొత్తానికి మీ ఇల్లొక్కటే!” అన్నాడు, బహుమతేదో వచ్చినట్టు.

“క్యారెట్ రసం పట్టించండి. మా బావమరిది మోకాళ్ల నొప్పులు దాంతోనే పోయాయి,” అన్నాడు పక్కింటాయన.

అందరికీ టీలు అందిస్తున్న మాస్టారి భార్యని ఆడపడుచు పక్కకి లాగింది. “ఆ మొహం ఏమిటమ్మాయ్? వాడు చూస్తే బెంబేలెత్తిపోతాడు. కాస్త నవ్వుతూ తిరుగు.”

“అలాగే వదినా,” అని ఆవిడ నవ్వింది.

ఆపరేషన్ రోజు అందరూ ఆస్పత్రికి తరలివెళ్లారు. కారులో ముందు సీటు మాస్టారికే. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి ఒకరు విసిరారు, ఇంకొకరు అరిచేతులు రుద్దారు. ఆయన కళ్లు మూసుకుని వణుకుతున్నారు.

నర్సు తలుపు తీసి, “టైమైంది, రండి,” అంది.

అక్క తమ్ముణ్ణి కావలించుకుని బావురుమంది. “ధైర్యంగా ఉండరా నాన్నా!”

“మధ్యమధ్యలో ఆయనకి కాస్త టీ పోసివ్వండి వదినా,” అంటూ ఫ్లాస్కు ఆడపడుచు ఒళ్లో పెట్టి, పోయిన నెల పొట్ట కోసిన చోట చెయ్యి అదిమిపట్టుకుని, మాస్టారి భార్య ఒక్కతే నర్సు వెనకాల ఆపరేషన్ గదిలోకి వెళ్లింది.