రెండో ఆల్బమ్

“పాట ఎప్పుడు మొదలవుతుందిరా?” అని తండ్రి నరసరాజు అడిగేసరికి ఆల్బమ్ మొత్తం అయిపోయింది.

సత్యదేవ్‌తో కలిపి నలుగురు స్నేహితులు రెండేళ్ళు చెమటోడ్చి చేసిన తొలి సైకెడెలిక్ రాక్ ఆల్బమ్ అది. గిటార్ గర్జిస్తుంది, డ్రమ్ములు దడదడలాడతాయి, మధ్యలో సత్యదేవ్ పూనకం వచ్చినట్టు అరుస్తాడు. మూడో పాట దగ్గర వాళ్ళమ్మ కామేశ్వరమ్మ పరుగెత్తుకొచ్చి, మిక్సీ కాలిపోతోందనుకుని మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేసింది.

మెట్టుగూడ మొత్తమ్మీద మెచ్చుకున్న నాథుడు లేడు. పై వాటా ఆయన మెట్లు దిగి వచ్చి, “బోరు వేయిస్తున్నారటగా, నీళ్ళు పడ్డాయా?” అని అడిగాడు. ఇంటర్నెట్‌లో ఒకే ఒక్క వ్యాఖ్య వచ్చింది: “ఇయర్‌ఫోన్స్ పాడయ్యాయనుకుని కొత్తవి కొన్నాను. పాడైంది అవి కాదు.”

నరసరాజు తేల్చేశాడు. “బయటివాళ్ళు ఒక్కరు బాగుందన్నా నేను నోరెత్తను. లేదంటే ఆ గిటార్ అమ్మేసి, ఏ.ఎస్. రావు నగర్లో మీ మావయ్య టైల్స్ షాపులో కూర్చో. నెలాఖరు దాకా చూస్తాను.”

నెలాఖరు రానే వచ్చింది. గిటార్ కొనేవాడూ దొరికాడు. సత్యదేవ్ దాన్ని తుడుస్తూ మధ్యమధ్యలో కళ్ళు కూడా తుడుచుకుంటుంటే ఫోను మోగింది.

“సత్యదేవ్ గారేనా? మల్కాజ్‌గిరి కెళ్ళి ఓంప్రకాశ్‌ని, మా కాలనీ సెక్రటరీని. మీ ఆల్బమ్‌కు మా కాలనీ మొత్తం ఫిదా. ఐతారం మీకు సన్మానం పెట్టుకున్నం. జెర రావాలె.”

నరసరాజు నమ్మలేదు. కళ్ళారా చూడ్డానికి తానూ వెంట వెళ్ళాడు.

డాబా మీద షామియానా, కుర్చీలు, పూలదండలు. ఆల్బమ్ హోరెత్తిపోతోంది. స్పీకర్లు మాత్రం జనం వైపు కాకుండా పక్కనున్న చింతచెట్ల వైపు తిరిగి ఉన్నాయి. ఏదో శాస్త్రం తెలిసే అలా పెట్టి ఉంటారని సత్యదేవ్ మురిసిపోయాడు.

ఓంప్రకాశ్ శాలువా కప్పి మైకు అందుకున్నాడు. “ఒక దినం మా కల్పలతమ్మ ఫోన్ల ఈ పాట దానంతట అదే మోగింది. గా దినం కెళ్ళే మా కాలనీకి మంచిరోజులు షురూ అయినయ్.”

కల్పలత లేచింది. “మా పాప డాబా మీదికి పోవాలంటే ఏడ్చేది. ఇప్పుడు మీ పాట పెడితే చాలు, హాయిగ ఆడుకుంటది.”

వాళ్ళత్త బాలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. “పొద్దుగాల మీ పాట పెట్టనిదే నేను వడియాలు ఎండబెట్టను బిడ్డా. గా మూడో పాటల ఒర్లుతవ్ సూడు, నీ గొంతు సల్లగుండ.”

సత్యదేవ్‌కు కడుపు నిండిపోయింది. నరసరాజు కొడుకు భుజం మీద చెయ్యి వేసి, “గిటార్ అమ్మొద్దులేరా. సంగీతం తెలియంది నాకే,” అన్నాడు.

భోజనాలయ్యాక ఓంప్రకాశ్ తండ్రీకొడుకులను పక్కకు పిలిచాడు. అతని ముఖంలో దిగులు కనిపించింది.

“రెండో ఆల్బమ్ ఎప్పుడు తెస్తరు? ఖర్చు మేమే పెట్టుకుంటం. దీనికన్నా జెర గట్టిగుండాలె.”

“ఇది వచ్చి నెలేగా అయింది. అంత తొందరేం వచ్చిందండీ?” మీసం సవరించుకుంటూ అడిగాడు నరసరాజు.

ఓంప్రకాశ్ చింతచెట్ల వైపు చూసి నిట్టూర్చాడు.

“ఏం చెప్పమంటరు సార్, మొదటిదానికి కోతులు అలవాటు పడ్డయ్.”