ఆవిరి గొట్టం మీద చప్పుడు

"నీ బూట్లు మంచం కింద పెట్టకయ్యా. ఆ తనిఖీ మనిషి ముందు అక్కడే చూస్తాడు."

"మొగుణ్ణి దొంగసొత్తులా దాచుకునే పెళ్లాన్ని నిన్నే చూశా," అన్నాడు క్లీవన్.

నవ్వాడు గానీ బూట్లు తీశాడు. పని పోయినప్పటి నుంచీ అతను సొంత ఇంట్లోనే దొంగ. ఇంట్లో మగవాడు కనబడితే చాలు, పేదలకు సాయమిచ్చే వెల్ఫేర్ ఆఫీసు పోషించేవాడున్నాడని పిల్లల భత్యం ఆపేస్తుంది. ఆ తర్వాత పిల్లలకి తిండి ఎలా? భార్య అర్నెటా భయమంతా అదే.

తనిఖీ మనిషి మెట్లెక్కేలోపే, గదుల్ని వెచ్చబెట్టడానికి అన్ని అంతస్తుల గుండా పోయే ఆవిరి గొట్టం టంగుమని మోగేది. మగవాళ్లు వెనక మెట్ల మీదుగా జారుకునేవారు.

గొట్టం మొదలు నేలమాళిగలో, బాయిలర్ దగ్గర. బాయిలర్ చూసేది ముసలి రాస్కో. గొట్టం కొట్టేది అతనేగా అని తల్లులు వంతులేసుకుని అతనికి భోజనం పంపేవారు.

కింది వాటాలో ఉండే జెల్మా మాత్రం ఎవరికీ గిట్టదు. తనిఖీకొచ్చే ఆ తెల్లాయన్ని పిలిచి మరీ కాఫీ ఇస్తుంది. ఇళ్ల గుట్లన్నీ అతనికి మోసేది ఆమేనని అందరి నమ్మకం.

పిల్లల చలికోట్ల కోసం వెల్ఫేర్ ఆఫీసు ముందు బైఠాయించాలని తల్లులు చర్చిలో కూడిన రోజు, జెల్మా చిలగడదుంప తీపి రొట్టె చేసుకుని వచ్చింది.

"నాకూ పిల్లలున్నారమ్మా. నేనూ మీతో కూర్చుంటా."

"అది మీ తెల్లాయనకే పెట్టుకో," అని అర్నెటా తలుపేసింది. లోపల ఆడవాళ్లు నవ్వారు.

కొన్నాళ్లకు జెల్మా భత్యం ఆగిందనీ, పిల్లల్ని తీసుకుని ఎటో వెళ్లిపోయిందనీ తెలిసింది. పీడ పోయిందనుకున్నారు.

తర్వాతి తనిఖీ రోజు గొట్టం మోగలేదు.

క్లీవన్ చిన్న కూతురికి మొక్కజొన్న జావ తినిపిస్తూ దొరికిపోయాడు.

అర్నెటా ఏడవలేదు. నేలమాళిగకు దిగింది.

"ఎందుకు కొట్టలేదు పెద్దాయనా? నీకు మేమేం తక్కువ చేశాం?"

రాస్కో పక్కన ఆమె పంపిన పళ్లెం ఉంది. అతను బొగ్గు వేశాడు. చేతులు తుడుచుకున్నాడు. మళ్లీ బొగ్గు వేశాడు. ఆమె కదల్లేదు.

పార పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"నేనెప్పుడూ కొట్టలేదమ్మా. వచ్చే కూడు కాదనలేక ఊరుకున్నా. ఎవరికీ చెప్పొద్దని ఆవిడా ఒట్టేయించుకుంది. వాణ్ణి కాఫీతో కూర్చోబెట్టి, చక్కెర తెస్తానని లోపలికెళ్లి, చివరికి వాడి కంటబడిన రోజు దాకా చెంచాతో గొట్టం కొట్టింది ఆ జెల్మానే."