పరీక్షలు అయిపోయేదాకా

"పదకొండు నెలలకని వచ్చినవ్. పద్నాలుగు నెలలైంది. ఖాళీ చేస్తవా, చెయ్యవా? ఒక్క ముక్కల చెప్పు!"

శివరాం అరుపుకి ముంబై కామాటిపురాలో వరస గదుల ఆ పాత చాల్ మొదటి అంతస్తంతా ఉలిక్కిపడింది. వరండాలో బట్టలు ఆరేస్తున్న ఆడవాళ్లు తడి చీరలు చేతిలో పట్టుకునే ఆగిపోయారు.

ఫోన్ స్పీకర్లో ఉంది. అవతల ఉన్నది కిరణ్. శివరాం అప్పు చేసి కల్యాణ్‌లో కొన్న ఫ్లాటులో కిరాయికి ఉంటున్నాడు. వాడి గొంతులో తొణుకూ లేదు, బెణుకూ లేదు.

"చేస్త అంకుల్. చెయ్యనని ఎన్నడన్న అన్ననా? మా మేఘాది పదో తరగతి. పరీక్షలు అయిపోనీ."

"పరీక్షలు మార్చిల! ఇంక బతుకమ్మ పండుగ కూడ రాలే!"

"చదువుకునే పిల్ల అంకుల్. నడుమల ఇల్లు మారిస్తే ఎట్ల?"

"అంతకుముందు ఆషాఢమన్నవ్, ఇల్లు మారద్దన్నవ్. పోయిన నెల మీ అమ్మకు మోకాలి నొప్పన్నవ్. ఇప్పుడు పరీక్షలా?"

"మూడూ నిజమే కద అంకుల్," అని కిరణ్ ఫోన్ పెట్టేశాడు.

ఇనుప మంచం అంచున, గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రాజలింగం కాకా గొంతు సవరించుకున్నాడు. వచ్చి అరగంటైంది. శివరాం భార్య శాంతాబాయి ఇచ్చిన చాయ్ సగం తాగాడు, సగం చల్లారింది.

"శివరాం, నేనొచ్చిన పని..."

"జర ఆగు కాకా. నా కడుపు మండుతున్నది. విన్నవా వాని మాటలు? పాలమూరోడు, మన తాతల జిల్లావోడు అని డిపాజిట్ సగమే తీసుకున్న. ఇంకోడైతే మెడ మీద కూసుని వసూలు చేస్తుండె. అక్కడ మెట్రో పనులు మొదలైనయ్, కిరాయిలు ఎక్కడికో పోయినయ్. ఏజెంటు మంగేష్ పదహారు వేలిచ్చే పార్టీని తెచ్చిండు. శుక్రవారం లోపల తాళంచెవి చేతికియ్యకుంటే వాళ్లు ఇంకోటి చూసుకుంటరట. వీడేమో తొమ్మిది వేలకే పాతుకుపోయిండు!"

"అవు, కష్టమే," అన్నాడు కాకా.

"బ్యాంకు కిస్తు పద్నాలుగు వేలు కాకా! ఐదు వేలు నెలనెలా నా జేబుల్నించి పోతున్నయ్. ఇల్లు నాది, అప్పు నాది, హాయిగ కాళ్లు జాపుకునుడు వానిది."

"ఇంటాయన బాధ ఎవనికి పట్టింది?" కాకా మెల్లగా తలూపాడు.

ఆ సానుభూతికి శివరాంకి ఇంకా ఊపొచ్చింది.

"కిరాయి టైముకిస్తున్న కద అంటడు. ఇస్తే? ఇల్లు వానిదైపోతదా?"

"ఎట్లయితది? కాదు."

"నన్ను ఒక్క మాట అడగకుండ గోడలకు మేకులు కొట్టి అలమార బిగించిండు. నా గోడకు!"

కాకా తలెత్తి పైకి చూశాడు. సగం గదిని కప్పేస్తూ, చెక్కలతో వేసిన పోటమాళా అటక. దానికో నిచ్చెన, పైన ఫ్యాను, పరుపు. శివరాం కొడుకు పడుకునేది అక్కడే. కాకా చాలాసేపు చూసి, చూపు చాయ్ గ్లాసులోకి దించుకున్నాడు.

"అడగాలె మరి," అన్నాడు.

పొయ్యి దగ్గర్నుంచి శాంతాబాయి విసుక్కుంది. "ఇగ చాలు తియ్యి. పెద్దమనిషి ఎప్పట్నుంచి కూసున్నడు? ఆయన మాట జర ఇను."

"నువ్వుండవే! కాకాకు తెలియని బాధనా ఇది?" అని శివరాం మళ్లీ కిరణ్‌కి ఫోన్ కలిపాడు. "ఇగో, రేపే వస్తున్న. సామాను తీస్కపోయి మెట్ల మీద పెడ్త. ఏం చేసుకుంటవో చేసుకో!"

"సామాను ముట్టుకుంటే కేసైతది అంకుల్," కిరణ్ ఇప్పుడు కూడా గొంతు పెంచలేదు. "కావాలంటే కోర్టుకు పోండ్రి. తారీఖు మీద తారీఖు. అప్పటిదాంక మా మేఘా పెండ్లి కూడ అయిపోతది."

శివరాం ఫోన్‌ని మంచం మీదికి విసిరికొట్టాడు. చెమటలు తుడుచుకుంటూ ఒంటిగది ఖోలీ నడుమ నిలబడ్డాడు.

"సిగ్గుండాలె కద కాకా మనిషన్నాక! పరాయి ఇల్లు. ఇంటాయన అడగంగనే చెంబూ తపేలా సర్దుకుని లేచిపోవాలె. సాకులు చెప్పుకుంట కూసునేటోణ్ణి ఏమనాలె? నువ్వే చెప్పు!"

"న్యాయంగ మాట్లాడినవ్ బిడ్డా. ఇంతకాలానికి నీ నోట ఈ మాట విన్న."

కాకా గ్లాసు కింద పెట్టాడు. సంచిలోంచి ఎర్ర అట్ట పుస్తకం తీసి, వేలు తడిచేసుకుని ఒక కాగితం తిప్పాడు. ఏదో రాసి, చించి, శివరాం ముందుకి చాపాడు.

"ఇగో, ఈ నెల రసీదు. ఈ ఖోలీ కిరాయి, మీ నాయిన నాటి నూట పది రూపాయలే."

జేబులోకి వెళ్లిన శివరాం చెయ్యి అక్కడే ఆగిపోయింది. శాంతాబాయి పొయ్యి వైపు తిరిగిపోయింది.

"మా నాయిన కట్టిన చాల్ ఇది," కాకా నిదానంగా సంచి సర్దుకున్నాడు. "ఖోలీ ఖాళీ చెయ్యుమని ఆయన అడిగితే, మీ నాయిన ఈ మంచం మీదనే కూసుని మాటిచ్చిండు. 'మా శివరాంది పదో తరగతి, పరీక్షలు అయిపోనీ' అని."

శివరాం నెరిసిన మీసాల వంక కాకా ఆశగా చూశాడు.

"అయిపోయినయా బిడ్డా, నీ పరీక్షలు?"