వంకర కట్టు

గెడ్డ నీళ్లు దాటుతూ జారిపడ్డ మనిషిని ఇద్దరు మోసుకొచ్చి బుధు అరుగు మీద పడుకోబెట్టారు.

ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. పాదం ఎటో తిరిగిపోయి ఉంది.

"పల్లపోడు. కొండ కింద నుంచి నీ ఇల్లే అడుగుతా వొస్తన్నాడు," అన్నాడు మోసుకొచ్చినవాళ్లలో ఒకడు.

బుధుకి ఇందులో వింతేమీ లేదు. డుంబ్రిగుడ చుట్టుపక్కల ఎవరికి ఎముక విరిగినా అతని గుమ్మమే తొక్కాలి. వేళ్లతో తడిమాడంటే చాలు, ఎముక కింద పడితే విరిగిందో, దెబ్బకి విరిగిందో, ఎన్నాళ్లయిందో చెప్పేస్తాడు.

"నీ పేరేటి?"

"పైడయ్య, అన్నా. పాచిపెంట కాడ మా ఊరు."

నొప్పి తట్టుకోలేక పైడయ్య అతని భుజం పట్టేసుకున్నాడు. ఆ చేతిని విడిపించబోయిన బుధు వేళ్లు ముంజేతి మీద ఆగిపోయాయి.

చిటికెన వేలి వైపు ఎముక మీద ముడి తగిలింది.

విరిగిన ఎముక అతుక్కునేటప్పుడు వెదురు కణుపులా ఇలాగే ముడి కట్టుకుంటుంది. ఆ ముడి ఇంకా అరగలేదు. అంటే పాత దెబ్బ కాదు. కింద పడితే మణికట్టు దగ్గర విరుగుతుంది. నడిమికి ఇలా విరిగిందంటే, మీదికొచ్చే కర్రకి చెయ్యి అడ్డం పెట్టినట్టే.

"ఇదెలా ఇరిగింది?"

"రోడ్డు పనికాడ. కర్ర దెబ్బ."

"ఎప్పుడు?"

"మొన్న ఎండల్లో."

బుధు ఒళ్లు భగ్గుమంది.

దొరల మోటారు కార్లు కొండెక్కాలని ఘాటీ రోడ్డు వేయిస్తున్న రోజులవి. ఆ ఎండల్లోనే అతని తమ్ముడు గాసిని వెట్టికి పట్టుకుపోయారు. జ్వరంతో రాయి ఎత్తలేకపోయాడని మేస్త్రి కర్రతో కొట్టి చంపాడు. శవం కూడా ఇంటికి చేరలేదు. సంతకి వచ్చినవాళ్లు ఒక్క కబురు మాత్రం తెచ్చారు. గాసి ఊరికే చావలేదట, తిరగబడి మేస్త్రి ముంజెయ్యి విరిచి మరీ చచ్చాడట.

ఆ కబురు మీదే బుధు బతుకుతున్నాడు. మేస్త్రి ముఖం ఎలా ఉంటుందో అతనికి తెలియదు. అందుకే పల్లం నుంచి ఎవడొచ్చినా ముందు ముంజెయ్యే చూస్తున్నాడు. ఇన్నాళ్లకి దేవుడు ఆ చేతిని వెతికి తెచ్చి తన ఇంట్లో పడేశాడు.

"అన్నా, నీకో మాట సెప్పాలని..." అన్నాడు పైడయ్య.

"నోర్ముయ్!"

బుధు పాదం పట్టుకుని ఒక్క లాగు లాగాడు. పైడయ్య కెవ్వున అరిచి స్పృహ తప్పాడు.

చంపడం ఎంతసేపు? గొంతు మీద మోకాలు పెడితే సరి. కానీ చచ్చినవాడికి నొప్పేముంది? వీడు బతకాలి. బతికినన్నాళ్లూ అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా ఏడవాలి.

విరిగిన కొసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేట్టు పెట్టి, పాదాన్ని పక్కకి తిప్పేశాడు. నల్లేరు నూరి దట్టంగా పట్టించాడు. అతకడం మాత్రం గట్టిగా అతకాలి, మళ్లీ ఎవడూ సరిచేయలేనంత గట్టిగా. వెదురు బద్దలు చుట్టూ పెట్టి నార బిగించాడు.

"డోలీ కట్టి బేగి పల్లానికి దింపీండి. ఎముక ముడి కట్టీదాకా కట్టు ఇప్పొద్దని సెప్పండి."

డోలీలో తెలివొచ్చిన పైడయ్య చెయ్యెత్తి ఏదో చెప్పబోయాడు. బుధు లోపలికి పోయి తలుపేసుకున్నాడు. తమ్ముడు పోయాక మొదటిసారి ఆ పూట అంబలి రుచిగా ఉంది.

మరుసటి ఏడు ఎండల్లో పైడయ్య మళ్లీ వచ్చాడు.

కర్ర ఊతంతో, అడుగుకోసారి ఒళ్లంతా పక్కకి వాలిపోతూ ఏటవాలు ఎక్కి వస్తున్నాడు. బుధు అరుగు మీద కూర్చుని జాతర చూసినట్టు చూశాడు. ఎదురెళ్లి చెయ్యందించలేదు.

ఇక చెప్పేయాలి. ఎవడు కొట్టాడో తెలియని దెబ్బ దెబ్బే కాదు.

"కాలెలాగుంది?"

"సూస్తన్నావు కదన్నా. బరువు మొయ్యలేను. కూలికి ఎవుడూ పిలవడు."

"ఆ వంకర నానే ఎట్టినాను."

పైడయ్య తెల్లబోయాడు.

"కావాలనే ఎట్టినాను. ఎందుకో ఎరుకా? నాను గాసి అన్నని!"

"ఎరుకే."

"ఎరిగే వొచ్చినావా? ఎంత గుండెరా నీది, మేస్త్రీ!"

"మేస్త్రేటి? నాను రాళ్లు మోసే కూలోణ్ణి."

బుధు అతని ముంజెయ్యి లాక్కుని ముడి మీద వేలు పెట్టాడు. "మరిదేటి? మా తమ్ముడు ఇరిచింది కాదా?"

"మేస్త్రికేటవుతాది? ఆడు గుండ్రాయిలాగున్నాడు. గాసి తల మీదికి ఆడు కర్రెత్తితే నాను సెయ్యి అడ్డెట్టినాను. మొదటి దెబ్బ దీని మీద పడ్డాది. రెండో దెబ్బకి సెయ్యి లెగలేదు."

బుధు వంగి ఆ కాలు తడిమాడు. ఎముక రాయిలా అతుక్కుపోయి ఉంది. ఈ కాలు ఇక తిన్నగా కాదు, తను చచ్చి పుట్టినా కాదు.

"ఆ యేళ నువ్వు ఇనలేదు," అన్నాడు పైడయ్య. "కాలు ఇలాగైతే నాను బేగి లెగిసి నడిసీసినానేమో, తప్పు నాదేననుకున్నాను. పేనం పోతా గాసి అన్నాడు మరి, 'ఆ సెయ్యట్టుకుని మా అన్న కాడికెల్లు, నాకోసం ఇరిగిందని సెప్పు, పేనమెట్టి బాగుసేత్తాడు' అని."