దేవుడి పెట్టె

ఆ ఆదివారం ఇంట్లో నానమ్మ వెంకటరమణమ్మ ఉంది, ముందు రోజు నుంచి మెతుకు ముట్టకుండా. నాన్న గోపీనాథ్ ఉన్నాడు, ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండా. అమ్మ వంటింట్లో ఉంది, ఎవరి పక్షమూ మాట్లాడకుండా. బిందు కూడా ఉంది, ఉన్నట్టు ఎవరికీ తెలియకుండా.

దేవుడి గదిలో దేవుడి పెట్టె ఉంది. గొడవంతా దాని గురించే.

దొరల బంగళా సామాను వేలం వేసినప్పుడు నానమ్మ మామగారు బండి మీద బెల్లంకొండకు తెచ్చిన పెట్టె అది. నల్లటి చెక్క, నున్నటి కాళ్ళు. ముందువైపు సొరుగులున్నట్టే కనిపిస్తాయి గానీ ఒక్కటీ తెరుచుకోదు. పైమూత ఎత్తితే వెనక గోడలా నిలబడుతుంది. లోపల ఒక పలక, పలక మధ్యలో గుండ్రటి రంధ్రం. నానమ్మ కలశం ఆ రంధ్రంలో కొలిచి చేసినట్టు కూర్చుంటుంది. చుట్టూ దేవుళ్ళు.

నరసరావుపేటలో పాత సామాను కొనే షాకిర్ దాని ఫోటో చూశాడు.

"విక్టోరియా రాణి కాలందైతే హైదరాబాదులో కళ్ళకద్దుకుని కొంటారన్నా. ఒక మేడమ్ మన వైపే వస్తంది, చూసి చెప్పమంటా" అన్నాడు.

"అది గడప దాటిన రోజు నేనూ దాటతా" అంది నానమ్మ.

"దేవుళ్ళకి కొత్త మందిరం కొనిస్తాగా అమ్మా! గాజు తలుపులు, రంగు లైట్లు!"

"ఆ లైట్లు నువ్వు నెత్తిన పెట్టుకో."

ఎండ ఎక్కాక ఆటో దిగింది షెర్లీ మేడమ్. నేత చీర, భుజాన గుడ్డ సంచి, అరిగిన చెప్పులు. కారు వస్తుందని ఎదురు చూస్తున్న నాన్న, ఈమేనా అన్నట్టు మొహం పెట్టాడు.

"ముట్టుకోబాక అమ్మాయ్, ఇంకా పూజ కాలా" అంది నానమ్మ.

"ముట్టుకోనమ్మా."

మేడమ్ చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. మోకాళ్ళ మీద వంగి పెట్టె కాళ్ళు చూసింది, చెక్కలు కలిసిన మూలలు చూసింది, ఇత్తడి తాళం మీది అక్షరాలు చదివింది. లేచి లోపలికి చూసింది. రంధ్రం దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

"కలశం ఎప్పుడూ ఇందులోనే పెడతారా అమ్మా?"

"నేను కాపరానికొచ్చిన కాడ్నించి ఆడే. మా అత్తా ఆడే పెట్టింది. ఆమె పోయేటప్పుడు ఈ కలశం నీళ్ళే గొంతులో పోశా. చానా హాయిగా పోయింది మహాతల్లి."

మేడమ్ ఒక అడుగు వెనక్కి వేసింది.

"విక్టోరియాదేగా?" నాన్న ఆత్రంగా అడిగాడు. "తాళం మీద ఇంగ్లీషులో వి, ఆర్ అని ఉంది. రాణి పేరంటగా!"

"తాళం పాతదేనండీ. తర్వాత ఎవరో తెచ్చి బిగించారు. పెట్టె మాత్రం మన వడ్రంగి చేసిందే."

"మరి తెరుచుకోని సొరుగులేంది?"

"అందానికి."

"ఆ రంధ్రం?"

మేడమ్ నానమ్మ వైపు చూసింది.

"కలశం కోసమే పెట్టినట్టుందండీ."

"చెప్పలా!" నానమ్మ గొంతు ఇల్లంతా మోగింది. "ఇన్నావంట్రా? కలశం కోసమే! ఏమే కోడలా, అన్నం పెట్టు."

నాన్న మొహం మాడిపోయింది.

"నిలబడి చూసి చెప్పేస్తే ఎట్టా? ఇంకోళ్ళకి చూపిస్తా."

"వద్దండీ. తీసుకెళ్ళిన ఖర్చు కూడా రాదు."

అమ్మ టీ గ్లాసుతో వస్తుంటే నాన్న కళ్ళతోనే వద్దన్నాడు. మేడమ్ ఇంకా చెప్పులు వేసుకుంటూ ఉండగానే వరండాలో నిలబడి షాకిర్‌కి ఫోను చేశాడు.

"ఒరేయ్, చెక్కకీ చెరుకుపిప్పికీ తేడా తెలీని మనిషిని పంపావేందిరా? పొద్దంతా పాడు చేసింది!"

మేడమ్ విననట్టే ఉంది. బిందు ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు తిరిగి ఇచ్చి, ఆటో ఎక్కింది. పాపం అనుకుంది బిందు.

సాయంత్రం బిందు పెట్టె ఫోటో పెట్టి ఫోన్‌లో వెతికింది. అచ్చం అలాంటిదే వచ్చింది. అవే కాళ్ళు, అవే దొంగ సొరుగులు, అదే రంధ్రం. విక్టోరియా కాలందే. రాత్రిళ్ళు బయటికి వెళ్ళే పని లేకుండా దొరలు పడకగదిలో పెట్టుకున్న మరుగుదొడ్డి. రంధ్రంలో ఉండాల్సింది పింగాణీ పాత్ర.

బిందు ఆ ఫోటోని పెద్దది చేసి మళ్ళీ చూసింది.

మేడమ్‌కి నిజంగానే ఏమీ తెలీదన్నమాట. నాన్నకి చెబితే తెల్లారేసరికి పెట్టె ఆటో ఎక్కుతుంది. నానమ్మకి చెబితే ఏమవుతుందో ఊహకే అందలేదు. కానీ ఆ కలశంలో నీళ్ళే ఇంటిల్లిపాదికీ రోజూ తీర్థం. చెప్పకుండా ఎలా?

ఫోటో కింద ఒక వీడియో ఉంది. లేచి నడుస్తూనే దాన్ని నొక్కింది. దేవుడి గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. గబుక్కున ఫోను శబ్దం తీసేసింది.

నానమ్మ కలశానికి పసుపు రాస్తోంది. కడుపు నిండా తిన్న మొహం కళకళలాడుతోంది.

"ఏందే, అట్టా గుడ్లప్పగించి నిలబడ్డావ్? ఏమన్నా చెప్పాల్నా?"

"ఏం లేదు నానమ్మా."

"అయితే పక్కకి జరుగు. గాలికి దీపం ఆరిపోద్ది."

నానమ్మ తలుపు మూసేసింది. మూసిన తలుపు ముందు బిందు చేతిలోని ఫోన్‌లో, పెద్ద మ్యూజియంలో దొరల కాలం సామాను విభాగానికి అధికారి అయిన షెర్లీ మేడమ్, అచ్చం అలాంటి పెట్టె మూతెత్తి, రంధ్రంలోంచి పింగాణీ పాత్ర బయటికి తీసి బడిపిల్లలకు చూపిస్తోంది.