గోడ అవతలి మాట

దుక్కలా ఉన్న మగాడు ఇంట్లో కూర్చుని ప్రభుత్వం సొమ్ము మేస్తాడట, ఇంతకన్నా సిగ్గుమాలినతనం ఉంటుందా అని పక్కింటావిడ అందట. తమ్ముడు ఆ మాట ఫోన్లో చెప్పగానే అక్క కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేసి బస్సెక్కింది.

తమ్ముడు రేవులో క్రేన్ నడిపేవాడు. అంతెత్తున గాజుగదిలో కూర్చుని ఓడల్లోంచి ఇనుప పెట్టెలు దించేవాడు. "మావాడిది ఆకాశంలో ఉద్యోగం" అని అక్క తన దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ కొలతలు తీసుకుంటూనే చెప్పేది. నిరుడు ఒకరోజు, దించమని ఎవరూ అనకుండానే అతను పెట్టె దించేశాడు. కిందున్న కూలీ వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఆ తరవాత ఆసుపత్రి, మాత్రలు, సెలవు. మనసు జబ్బన్నారు డాక్టర్లు. ఇక ఆ పని చేయడానికి వీల్లేదన్నారు. వైకల్య భృతికి పెట్టుకోమని కాగితాలిచ్చారు. వాటి మీద సంతకం చేసి ఈ సాయంత్రంలోగా ఆఫీసులో ఇవ్వాలి.

దుకాణానికి వచ్చేవాళ్ళకి మాత్రం అక్క ఇంకా 'సెలవులో ఉన్నాడు' అనే చెబుతోంది.

ఆటో దిగగానే పక్కింటి గేటు కనిపించింది. ఎండుటాకులు మోకాళ్ళదాకా పేరుకుపోయాయి. ఒకరి మీద నోరు పారేసుకోవడానికి తీరిక ఉంటుంది గాని, వాకిలి ఊడ్చుకోవడానికి ఉండదు కాబోలు అనుకుని, మూతి తిప్పుకుంటూ తమ్ముడింట్లోకి నడిచింది.

తమ్ముడు నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. ఎదురుగా కాగితాలు, వాటి మీద మూత తీయని పెన్ను. మరదలు ఓ పక్క ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"ఇంకా ఏమందిరా ఆవిడ?"

"పొద్దున్నే ఆ గడ్డం గీసుకోవడం ఎవరికోసమో, పెళ్ళిచూపులకా అంది. నిన్న చొక్కా తిరగేసి తొడుక్కున్నానని నవ్వింది."

"స్నానాలగదిలో నువ్వు చేసింది ఆవిడకెలా తెలిసింది?" అంటూ అక్క మరదలి వంక ఓరగా చూసింది. "ఇంటి గుట్టు గోడ దాటుతోందంటే ఎవరి నోరో వదులుగా ఉందన్నమాట."

మరదలు మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడతపెట్టింది. "అది కాదు వదినా. మీతో విడిగా ఒక మాట..."

"విడిగా దేనికి? నా తమ్ముడి దగ్గర నాకు చాటుమాటల్లేవు." అక్క కుర్చీ లాక్కుని తమ్ముడి ఎదురుగా కూలబడింది. "అయినా ఆవిడ అన్నదాంట్లో తప్పేముందిరా? నోరు చెడ్డదే గాని మాట నిజం. నా నడుం పట్టేసినప్పుడు ఎవడిచ్చాడు భృతి? మోకాళ్ళు అరిగినా మిషన్ తొక్కుతూనే ఉన్నాను. మనసు బాగోలేదట. ఎవరికి బాగుందిరా మనసు? నీకు ఒళ్ళు వంగడం లేదు, అంతే."

"ఆవిడా అదే అంటుంది," అన్నాడు తమ్ముడు తల వంచుకుని. "అచ్చం అవే మాటలు."

"మరి? తెలివిగల మనిషి."

అతను ఉన్నట్టుండి గోడవైపు తల తిప్పాడు. "విను అక్కా. మళ్ళీ మొదలెట్టింది."

ఇన్నేళ్ళ మిషన్ రొదకి అక్క చెవులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. పొట్టి చేతులు కుట్టమన్నవాళ్ళకి పొడుగు చేతులు కుట్టి, "నువ్వే అలా చెప్పావు" అని దబాయించిన రోజులు ఎన్నో ఉన్నాయి. వినపడలేదని ఒప్పుకోవడం కన్నా ఆ చెవులు కోసి చేతిలో పెట్టడం ఆమెకు తేలిక.

"ఆ, వింటూనే ఉన్నాను," అంది. "ఏం గొంతురా బాబూ అది. వీధి చివరిదాకా పోతుంది."

తమ్ముడి ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి అక్కకి చాలాకాలమైంది.

"నీకూ వినపడిందా?"

"నాకేం చెవుడా?"

"నవ్వుతోంది కదూ?"

"నవ్వక ఏడుస్తుందా, నీ వాలకం చూసి?"

అతను భార్యవైపు తిరిగాడు. "చూశావా? అక్కకి వినపడుతోంది." కాగితాలు అడ్డంగా, నిలువుగా చింపి బల్లకింది బుట్టలో వేశాడు. "సోమవారం రేవుకి వెళ్తాను. నాకేం లేదని చెప్పి క్రేనెక్కుతాను."

"అదీ మగాడి మాట," అంటూ లేచి అక్క చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. ఆ సంతకం ఆపాలని వచ్చిన పని ఇంత తేలిగ్గా అవుతుందనుకోలేదు. "ఉండు, ఆ మహాతల్లిని రెక్క పట్టుకుని తీసుకొస్తాను. మా తమ్ముడు పనికి పోతున్నాడు, ఇప్పుడేమంటావని మొహం మీదే అడుగుతాను."

మరదలు చేతిలో తువ్వాలు కింద పడేసి, వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఈసారి ఒక్కో మాటా ఆ మొద్దు చెవుల్లో పడేలా గొంతు పెంచింది.

"పక్కింటావిడ చచ్చిపోయి రెండేళ్ళు దాటింది వదినా."